ఎంవీపీ కాలనీలో హార్మోన్ల డాక్టరమ్మ క్లినిక్: ఒక కేబుల్ వాడి రివ్యూ

రేటింగు: 5కి 4.

క్లినిక్ పేరు రాయను, ముందే చెప్పేస్తున్నాను. వైజాగ్ ఎంత పెరిగినా గోపాలపట్నంలో దగ్గితే గాజువాకలో "ఏటయింది?" అని అడిగే ఊరే. పేరు రాస్తే మా మేనకోడలు ఎవరో రెండ్రోజుల్లో పట్టేస్తారు. గోపాలపట్నం అన్నానని అక్కడ వెతకొద్దు, అది కూడా మార్చే రాశాను. నిజంగా అవసరమున్నోళ్ళు ఎంవీపీలో ఆటో దిగి, మందుల షాపు కుర్రాణ్ణి "హార్మోన్ల మేడం ఎక్కడ?" అంటే చూపిస్తాడు. ఈ రివ్యూ రాయమన్నది ఆ మేనకోడలే, ఇంట్లో అమ్మలు అంటాం. తనకిప్పుడు పంతొమ్మిది, డిగ్రీ రెండో ఏడు.

నేను కేబుల్ ఆపరేటర్ని. ఇరవై రెండేళ్ళుగా స్తంభాలెక్కుతున్నాను. నాకు తెలిసిన సైన్సంతా సిగ్నలూ, జాయింటూ, బాక్సూ. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

మా అప్పకి ఇద్దరూ ఆడపిల్లలే. పోయినేడు చిన్నది పన్నెండో ఏట సమర్తాడింది. అప్పటికి పెద్దదానికి పద్దెనిమిది నిండాయి, ఇంకా ఏమీ లేదు. "ఒళ్ళు లేదు కదా, ఆలస్యమవుతాది" అని మూడేళ్ళు కషాయాలు పట్టించారు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నారు. మేనమామని కదా, పెద్దదాని కోసం నేను కొన్న పట్టు లంగా ఓణీ బీరువాలో నాలుగేళ్ళుగా మడత విప్పకుండా ఉంది. చిన్నదాని ఫంక్షన్లో చిమ్మిలి పంచుతుంటే ఒక ముసలావిడ "పెద్దదానికి ఇంకా లేదేటే?" అని పందిరంతా వినేలా అడిగింది. అమ్మలు లేచి మేడెక్కిపోయింది. నేను వెనకే వెళ్తే ఏడవట్లేదు. వాటర్ ట్యాంకు పక్కన నిలబడి, "మావయ్యా, నన్ను డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. అమ్మకి చెప్తే ఇంకో కషాయం కాస్తాది" అంది.

మొదట వెళ్ళింది ఈ క్లినిక్కి కాదు. నగరంలోనే ఒక పెద్ద ఆసుపత్రి, పేరు అనవసరం. స్కానింగ్ గది బయట గోడకి ఆ బోర్డు ఉంటుంది, మీరందరూ చూసే ఉంటారు: ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది శిక్షార్హమైన నేరము. 1994 నాటి చట్టం. కడుపులో బిడ్డ కోసం పెట్టిన బోర్డది, మంచిదే. కానీ స్కాన్‌లో గర్భసంచి కనపడలేదని చెప్పి, క్రోమోజోముల పరీక్ష రాసి, ఆ బోర్డు కిందే మమ్మల్ని కూర్చోబెట్టారు. మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. కౌంటర్లో కుర్రాడు మా పిల్ల పేరు గట్టిగా పిలిచి, "ఇందులో మేల్ అని వచ్చిందండీ, శాంపిలు మారిపోయినట్టుంది, మళ్ళీ రక్తం ఇవ్వాలి" అన్నాడు. ఆ హాల్లో నలభై మంది ఉంటారు.

శాంపిలు మారలేదు. 46, ఎక్స్‌వై అని ఉంది, అంటే మామూలుగా మగవాళ్ళకుండే క్రోమోజోములు, అది నిజమే. లోపల పెద్దాయన అమ్మలిని బయట కూర్చోమని మా అప్పతో మాత్రం మాట్లాడాడు. కడుపులో వృషణాలున్నాయి, క్యాన్సరొస్తుంది, వారంలో తీసేయాలి, పిల్లకి మాత్రం అండాశయాలు పాడయ్యాయని చెప్పండి, నిజం తెలిస్తే తట్టుకోలేదు. ఇంతే, అయిదు నిమిషాలు. మా అప్ప బయటికొచ్చి గోడ పట్టుకుంది. అమ్మలు ఇద్దరి మొహాలూ చూసి ఫైలు లాక్కుని చదివేసింది. ఫోనుంది, ఇంటర్లో బైపీసీ చదివింది, ఇంక దాచేదేటి?

ఆ రాత్రే మా కస్టమర్ ఒకావిడ, నర్సుగా చేసి రిటైరయ్యారు, ఈ ఎంవీపీ మేడం సంగతి చెప్పారు.

ఇక అసలు రివ్యూ. మేడం మంగళ, శుక్రవారాలు సాయంత్రం అయిదు నుంచి. ఫోన్లో టోకెన్ ఇవ్వరు, మనిషే వెళ్ళాలి, మూడున్నరకి వెళ్తే పది లోపు నంబరొస్తుంది. నంబరొచ్చినా మొదటిసారి మూడు గంటలు కూర్చున్నాం. కుర్చీలు పన్నెండు, జనం పాతిక. థైరాయిడ్ వాళ్ళూ షుగర్ వాళ్ళూ అందరూ అక్కడే. కానీ కౌంటరమ్మాయి పేరు పెట్టి పిలవదు, నంబరే పిలుస్తుంది. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఆ ముందు ఆసుపత్రి హాల్లో మాతో కూర్చుని ఉండాల్సింది.

లోపలికెళ్ళగానే మేడం మమ్మల్ని బయట ఉండమని అమ్మలితో ఒక్కర్తితోనే మాట్లాడారు. "పద్దెనిమిది నిండాయి, ఫైలు తనది, సంతకం తనది. మీకేం చెప్పాలో తనే నిర్ణయిస్తుంది" అన్నారు. మా బావకి కోపమొచ్చింది. అరగంటకి తలుపు తీసుకుని అమ్మలే వచ్చి మమ్మల్ని రమ్మంది. లోపల ఏం మాట్లాడుకున్నారో కొంత తెలుసు, రాయను. ఒక్కటి రాయొచ్చంది. "నేను అమ్మాయినేనా?" అని అడిగిందట. "ఇన్నాళ్ళూ నీకేమనిపించింది?" అన్నారట. "అమ్మాయినే." "ఈ కాగితం నిన్నటిదమ్మా, నువ్వు పద్దెనిమిదేళ్ళదానివి" అన్నారట.

తర్వాత పాత ఫైలు తీశారు. అందులో ఆసుపత్రి వాళ్ళు రాసిన జబ్బు పేరులో వృషణం అనే మాట ఉంది. 1953లో అమెరికాలో మోరిస్ అనే డాక్టరు 82 మంది కేసులు పోగేసి పెట్టిన పేరట అది. 2005లో షికాగోలో ప్రపంచ నిపుణులు కూర్చుని ఇలాంటి పాత పేర్లు కొన్ని మార్చారట. మేడం ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి కొత్తది రాశారు: సంపూర్ణ ఆండ్రోజన్ నిరోధకత. నాకు రెండూ అర్థం కాలేదు. ఆవిడ నా చొక్కా జేబులో ఉన్న టెస్టర్ చూసి, "మీరేం చేస్తారండీ?" అన్నారు. కేబుల్ అన్నాను. "అయితే మీకు సులువు" అన్నారు. ఇక్కణ్ణుంచి ఆవిడ చెప్పిందీ, నాకు అర్థమైందీ కలిపి రాస్తున్నాను, డాక్టర్లెవరైనా చదివితే కాస్త సర్దుకోండి.

హార్మోనంటే ప్రసారం. రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. ఏ కణమైనా దాన్ని పట్టాలంటే బాక్స్ ఉండాలి. దాని పేరు గ్రాహకం, రిసెప్టర్. ఇక్కడ మాట్లాడుకునే మగ, ఆడ హార్మోన్లకైతే, ప్రసారం వచ్చి బాక్సుకి తగులుకుంటే, రెండూ కలిసి కణం నడిబొడ్డుకి వెళ్ళి, అక్కడున్న జన్యువుల్లో కొన్నిటిని ఆన్ చేస్తాయి. అప్పుడే బొమ్మ. బాక్స్ పట్టకపోతే కంట్రోల్ రూంలో ఎంత పవర్ పెట్టినా ఇంట్లో టీవీ గుడ్డిదే. నాకిది ఎవరూ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తర్వాత నెల్లాళ్ళు ఇదే పని చేశాను.

కడుపులో పడ్డ మొదటి ఆరు వారాలు ఆడా మగా తేడా ఉండదట. రెండు రకాల గొట్టాలూ అందరికీ ఉంటాయి. వై క్రోమోజోము మీద ఎస్‌ఆర్‌వై అని ఒక జన్యువుంది, 1990లో కనిపెట్టారు. అది ఉంటే ఏడో వారానికి బీజగ్రంథి, అంటే అండాశయమో వృషణమో కావాల్సిన ముద్ద, వృషణంగా తిరుగుతుంది. అక్కణ్ణుంచి రెండు చానళ్ళు మొదలవుతాయి. ఒకటి గర్భసంచిగా మారాల్సిన గొట్టాన్ని కరిగించేసే హార్మోను. రెండోది టెస్టోస్టిరాన్, ఇది మగ అవయవాలు కట్టిస్తుంది. పారిస్‌లో జోస్ట్ అనే ఆయన 1940ల్లో కుందేలు పిండాల మీద ఇది తేల్చాడట. పిండంలో బీజగ్రంథులు తీసేస్తే, అది ఆడదైనా మగదైనా, ఆడ దారిలోనే పెరిగింది.

మా అమ్మలికి రెండు ప్రసారాలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. మొదటి చానల్ బాక్సు వేరే, అది బాగానే ఉంది, అందుకే గర్భసంచి లేదు. రెండో చానల్ బాక్సు, అంటే టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్లని (వీటినే ఆండ్రోజన్లంటారు) పట్టే గ్రాహకం, పట్టట్లేదు. అందుకే మగ దారి కట్టుబడలేదు, బయటికి పుట్టుకతోనే ఆడపిల్ల.

ఇక్కడ నా వృత్తి అడ్డొచ్చింది. "మేడం, బాక్సు పట్టకపోతే తెర నల్లగా ఉండాలి. పిల్ల అందరు ఆడపిల్లల్లాగే ఎదిగింది కదా, ఆ బొమ్మెక్కణ్ణుంచొచ్చింది?" అన్నాను. మా బావ నన్ను మోచేత్తో పొడిచాడు. మేడం పెన్ను కింద పెట్టి నవ్వారు. మా కంట్రోల్ రూంలో ఒక ఫార్మాట్ సిగ్నల్‌ని ఇంకో ఫార్మాట్‌కి మార్చే పెట్టె ఉంటుంది. ఒంట్లోనూ ఉందట, అరోమటేజ్ అని. టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజన్‌గా, అంటే ఆడ హార్మోనుగా, మార్చేస్తుంది. ఈస్ట్రోజన్‌కి బాక్సు వేరే, అది పనిచేస్తోంది. ఇంకో తమాషా ఏంటంటే, మెదడు కూడా టెస్టోస్టిరాన్‌ని వినలేదు కాబట్టి "ఇంకా పంపండి, ఇంకా పంపండి" అని ఎల్‌హెచ్ అనే హార్మోన్‌తో ఆర్డర్ వేస్తుందట. బొమ్మ రాలేదని కంప్లెయింటొస్తే మా వాళ్ళు లోపం ఎక్కడో చూడకుండా పవర్ పెంచేస్తారే, అచ్చం అదే. పెరిగిన పవరంతా ఈస్ట్రోజన్‌గా మారింది. అమ్మలి రిపోర్టులో టెస్టోస్టిరాన్ నా అంత ఉంది, ఎల్‌హెచ్ ఎక్కువుంది. వీధిలో ఆడపిల్లలందరూ అసూయపడే ఆ చర్మం, ఒక్క మొటిమ లేకపోవడం, చేతుల మీద నూగు లేకపోవడం, అన్నీ ఆ పట్టని బాక్సు సంతకాలేనట. మూడో ఏట గజ్జల్లో గడ్డొస్తే హెర్నియా అని కుట్లేశారు. మేడం ఆ మచ్చ గురించి మేం చెప్పకముందే అడిగారు. ఆడపిల్లకి హెర్నియా వస్తే ఒకసారి ఇది కూడా ఆలోచించాలట.

గర్భసంచి లేకుండా పుట్టే ఆడపిల్లలు వేరే కూడా ఉంటారట, వాళ్ళకి ఎక్స్‌ఎక్స్ ఉంటుంది, టెస్టోస్టిరాన్ ఆడవాళ్ళంతే. రెండూ ఒకటే అనుకుని ఒకటే వైద్యం చేస్తే తప్పు. అందుకే క్రోమోజోము పరీక్ష మళ్ళీ చేయించారు.

తర్వాత వెళ్ళినప్పుడల్లా నేనే అడుగుతుండేవాణ్ణి. బాక్సు సగం పడితే? పడతాయట. మన బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలినట్టు, కొంచెం పట్టే గ్రాహకాలుంటాయి. అలాంటి బిడ్డ పుట్టినప్పుడు ఆడా మగా అని వెంటనే చెప్పలేరు. అప్పుడే పెద్దలు కంగారుపడి పసివాళ్ళకి కోతలు కోయిస్తారు. తమిళనాడులో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత 2019లో, ప్రాణం మీదికొస్తే తప్ప అలాంటి ఆపరేషన్లు పసిపిల్లలకి చేయొద్దని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. మరి సిగ్నల్ని పెంచే యాంప్లిఫయర్ పాడైతే? అదీ ఉందట! బయటి అవయవాలు తయారవ్వాలంటే టెస్టోస్టిరాన్‌ని ఇంకా గట్టి హార్మోనుగా మార్చే ఒక ఎంజైము కావాలి. అది లేనివాళ్ళు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా ఉండి, పదమూడు పద్నాలుగేళ్ళకి అసలు ప్రసారమే పెరిగాక మగపిల్లల్లా మారతారు. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక ఊళ్ళ గుంపులో ఇలాంటి కుటుంబాల గురించి 1974లో అచ్చయింది. చివరింటికి యాంప్లిఫయర్ లేకపోయినా మెయిన్ లైన్ పవర్ పెంచితే బొమ్మ రావడం నేను కళ్ళారా చూశాను కాబట్టి ఇది ఠక్కున ఎక్కింది. ఇంకోటి మాత్రం నమ్మడానికి టైం పట్టింది. ఈస్ట్రోజన్ గ్రాహకం పనిచేయని ఒక మగమనిషి గురించి 1994లో రాశారట. ఇరవై ఎనిమిదేళ్ళు, 204 సెంటీమీటర్లు, ఇంకా పొడుగు పెరుగుతూనే ఉన్నాడు. మగాడి ఎముక ఎదుగుదల ఆగాలన్నా ఆడ హార్మోనే కావాలి. ఇది విన్నాక మా బావ మేడం ముందు మాట్లాడటం తగ్గించాడు.

నన్ను పడగొట్టింది మాత్రం మూడో విజిట్. జన్యు పరీక్ష రిపోర్టొచ్చింది. ఈ గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అందులో ఇప్పటికి వెయ్యికి పైగా మార్పులు నమోదయ్యాయట. అమ్మలికి ఒక్క అక్షరం తేడా. మేడం తెల్లకాగితం మీద మా వంశవృక్షం గీయించారు. "మీ అమ్మగారి తరంలో పిల్లలు లేనివారెవరైనా ఉన్నారా?" అన్నారు. మా అప్ప, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా చిన్నమ్మ. పొడుగ్గా, తెల్లగా ఉండేది. గొడ్రాలని మొగుడు ఇంకొకర్తిని తెచ్చుకుంటే పుట్టింటికొచ్చేసింది. శుభకార్యాలకి పిలిచేవారు కాదు. మా చిన్నమ్మ ఎప్పుడూ ముట్టవ్వలేదని మా అమ్మ ఒకసారి వంటింట్లో గొంతు తగ్గించి చెప్పడం నాకు గుర్తుంది. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. పరీక్ష చేయలేం. కానీ మేడం చిన్నమ్మ కోసం గీసిన గుండ్రం లోపల పెన్సిల్‌తో మెల్లగా నీడ దిద్దారు.

అంటే మా అమ్మమ్మ దగ్గర్నుంచి మా అమ్మకి, మా అమ్మ నుంచి అప్పకి. వీళ్ళకి రెండో ఎక్స్ బాగుంది కాబట్టి ఏమీ కాలేదు. మరి నేను? మా అమ్మ దగ్గర రెండు ఎక్స్‌లున్నాయి, నాకు మంచిదొచ్చింది. బొమ్మా బొరుసా అంతే. బొరుసు పడుంటే నేను స్తంభాలెక్కే మేనమామని కాను, ఈ ఇంటికి రెండో ఆడపిల్లని. గాజులేసుకుని, బహుశా గొడ్రాలినై, మా చిన్నమ్మతో పాటు పెరట్లో కూర్చునేవాణ్ణి. కూర్చునేదాన్ని. ఆ రోజు 400 నంబరు బస్సులో నిలబడి ఇంటిదాకా అదే ఆలోచించాను. బండి క్లినిక్ దగ్గరే మర్చిపోయి బస్సెక్కానని దిగాక తెలిసింది.

చిన్నదానికి కూడా ఈ పరీక్ష చేయించేద్దామని మా అప్ప అడిగితే మేడం ఒప్పుకోలేదు. ఆ పిల్ల వాహకురాలు (తనకేమీ కాకపోయినా ఆ తేడాని మోసే మనిషి) కావడానికి సగానికి సగం అవకాశం, దానివల్ల ఇప్పుడు తనకేమీ అవ్వదు, పెద్దయ్యాక తనే వచ్చి అడుగుతుంది అన్నారు.

ఆపరేషను సంగతి. వారంలో తీసేయాలన్నది తప్పు కాదుగానీ తొందర అన్నారు మేడం. ఈ రకంలో చిన్న వయసులో క్యాన్సర్ భయం చాలా తక్కువ, వయసుతో పెరుగుతుంది. తీసేస్తే ఒంటికి ఈస్ట్రోజన్ ఇచ్చే ఊట పోతుంది, అప్పట్నుంచి తనకి దాదాపు యాభై ఏళ్ళొచ్చేదాకా ఈస్ట్రోజన్ మందు వాడాలి, లేదంటే ఎముకలు గుల్ల. ఉంచుకుంటే ఏటా స్కాన్ తప్పదు. రెండు వైపులా లాభనష్టాలు రాసిన కాగితం అమ్మలి చేతికిచ్చారు. డిగ్రీ అయ్యేదాకా ఉంచుకుంటానంది. ఎముకల సాంద్రత పరీక్షలో కాస్త తక్కువొచ్చింది, కాల్షియం, విటమిన్ డి రాశారు.

అమ్మలు కాలేజీలో వాలీబాల్ ఆడుతుంది. ఇంక ఆడనివ్వరేమోనని దిగులు. మేడం స్పెయిన్ హర్డిల్స్ అమ్మాయి మరియా హోసె మార్టినెజ్ పటీన్యో గురించి చెప్పారు. 1985లో జపాన్‌లోని కోబెలో పోటీలకెళ్తే పరీక్ష చేసి ఎక్స్‌వై అన్నారు, పతకాలు, రికార్డులు పోయాయి, పేపర్లకెక్కింది. టెస్టోస్టిరాన్ ఒంటికి పట్టనే పట్టని మనిషికి దానివల్ల బలమెలా వస్తుందని పోరాడి 1988లో మళ్ళీ అర్హత తెచ్చుకుంది. ఆవిడ ఫోటో ఇప్పుడు అమ్మలి ఫోన్లో వాల్‌పేపర్.

ఖర్చు: మేడం ఫీజు 600, పదిహేను రోజులు చెల్లుతుంది. హార్మోన్ పరీక్షలన్నీ కలిపి 3,200. క్రోమోజోములు రెండోసారి 4,500. జన్యు పరీక్ష శాంపిలు హైదరాబాదు పంపారు, 16,000, అయిదు వారాలు పట్టింది. ఎముకల స్కాన్ 2,500. మాకు ఇది చిన్న మొత్తం కాదు. జన్యు పరీక్ష లేకపోయినా వైద్యం ఆగదని మేడం ముందే చెప్పారు. మేమే పట్టుబట్టాం.

బాగోలేనివి. కౌన్సెలింగ్ ఆవిడ శనివారమే వస్తారు, అప్ప షిఫ్టులకి కుదరక రెండుసార్లే కలిసింది. నిజానికి అమ్మలి కంటే అప్పకే ఎక్కువ అవసరం. "నా రక్తంలోనే ఉందట" అని ఇప్పటికీ రాత్రిళ్ళు లేస్తుంది. ఆ చిన్న గదికి తలుపు సరిగా పడదు. ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషే. జన్యు రిపోర్టు ఆరు పేజీలు, మేడం గంట కూర్చుని తెలుగులో చెప్పారు సరే, ఆవిడ సెలవులో ఉంటే ఎవరు చెప్తారు? నేనే అడిగి, మా డీటీపీ కుర్రాడితో ఒక పేజీ తెలుగులో కొట్టించి ఇచ్చాను. కౌంటర్లో పెట్టుకున్నారు. గోడ మీద రెండే బొమ్మలు, ఒక ఆడ, ఒక మగ, ఆ చార్టు ఇంకా అక్కడే ఉంది. పార్కింగు ఘోరం. రెండుసార్లు పోలీసులు బండికి చలానా రాశారు, ఒకటి నేను మర్చిపోయొచ్చిన రోజుది.

పాత రిపోర్టులు, చిన్నప్పటి ఆపరేషన్ చీటీలు ఉంటే తీసుకెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళని ముందే అడిగి వెళ్ళండి, ఆ వంశవృక్షం కాగితం దగ్గర తడుముకోకుండా ఉంటుంది.

పోస్టు చేసే ముందు ఇది అమ్మలికి చూపించాను. నాలుగు చోట్ల "పాపం" అని రాశానట, నాలుగూ కొట్టేసింది. స్టార్లు అయిదు ఇవ్వమంది. చలానాలు కట్టింది నేను కాబట్టి నాలుగే ఇస్తున్నాను.